దుర్యోధనుడికి వన్స్‌మోర్

మొన్నామధ్య ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒక వాదన మొదలైంది. ఈ కాలం ప్రేక్షకులు చెడిపోయారని మా టీములో ఒకాయన బాధ. 2021లో 'పుష్ప' వచ్చింది, హీరో ఎర్రచందనం స్మగ్లరు. ఆ వేషానికే అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు 2023లో ప్రకటించారు. ఒక తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. "ఇన్నేళ్ళకి మనవాళ్ళకి వచ్చింది, అదీ దొంగ వేషానికి. మన పెద్దలు రాముణ్ణి చూసి పెరిగారు, మన పిల్లలు వీళ్ళని చూసి పెరుగుతున్నారు" అని పెరుగన్నం కలుపుకుంటూ నిట్టూర్చారు.

నేనేమీ అనలేదు. (నా అప్రైజల్ రాసేది ఆయనే.) కానీ ఈ చెడిపోవడమేదో ఇప్పుడే మొదలైందంటే మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే మా ఊరు ఎప్పుడో చెడిపోయింది. మా పెద్దమామయ్యయితే నేను పుట్టకముందే చెడిపోయాడు.

మా ఊరు పత్తిపాడుకీ చిలకలూరిపేటకీ మధ్యలో ఉంటుంది. నల్లరేగడి నేల. పత్తి, మిరప, వాటి మీద అప్పు - ఈ మూడే మా ఊరి పంటలు. ఫిబ్రవరి దాటితే ఊరి చుట్టూ కళ్ళాల్లో ఎర్ర దుప్పట్లు పరిచినట్టు మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. కోతలు ఒక కొలిక్కొచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఊళ్ళో పద్యనాటకం వేయించేవారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, లేదంటే అందులోంచి ఒక్క రాయబారం సీను. నేను మూడో నాలుగో చదివేటప్పుడు మామయ్య నన్ను భుజాన వేసుకుని తీసుకెళ్ళడం గుర్తుంది. దుప్పటి, చెంబుతో నీళ్ళు, జేబులో వేరుశనక్కాయలు.

ఆ చిన్న వయసులోనే నేనొకటి గమనించాను. ధర్మరాజు పద్యం ఎత్తుకోగానే మగాళ్ళు సగం మంది బీడీకో టీకో లేచేవాళ్ళు. పాపం ఆయన ఎంత బాగా పాడినా సరే. అదే దుర్యోధనుడు గద భుజాన వేసుకుని తెరలోంచి వచ్చాడా, టీ బండి దగ్గరున్న వాళ్ళంతా పరుగెత్తుకొచ్చి కూర్చునేవాళ్ళు. పద్యం అయ్యీ కాకుండానే వన్స్‌మోర్! మామయ్య లేచి స్టేజి దగ్గరికెళ్ళి వంద రూపాయలు చదివించేవాడు. మైకులో మామయ్య ఇంటిపేరుతో సహా చెప్పేవాళ్ళు. కృష్ణుడికి ఎప్పుడైనా చదివించాడేమో తెలీదు గానీ ధర్మరాజుకి మాత్రం ఒక్క రూపాయి చదివించిన పాపాన పోలేదు.

"ఆయన చెడ్డోడు గదా మామయ్యా, ఆయనకెందుకు డబ్బులిస్తున్నావ్?" అని అడిగాను ఒకసారి.

"చెడ్డోడేరా. కానీ మాటంటే మాటే" అన్నాడు.

ఇది మా మామయ్య ఒక్కడి జబ్బు అనుకోకండి. మా ప్రాంతానిదే అనిపిస్తుంది నాకు. రంగస్థలం మీద దుర్యోధనుడిగా పేరు తెచ్చుకున్న ధూళిపాళ సీతారామశాస్త్రి గారిది పల్నాటి దాచేపల్లి. ఆయన్నే 1966లో ఎన్టీఆర్ 'శ్రీకృష్ణ పాండవీయం'లో శకునిని చేశారు. అందులో కృష్ణుడూ సుయోధనుడూ ఇద్దరూ ఎన్టీఆరే. తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి గారైతే ఇంకో అడుగు ముందుకేసి 'కురుక్షేత్ర సంగ్రామం' నాటకంలో కౌరవుల పక్షం వాదించారు. ఆయన బారిస్టరు లెండి, వకాల్తా పుచ్చుకున్నారు. ఇక 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూర కర్ణ'కి మాటలు రాసిన కొండవీటి వెంకటకవి గారిది అప్పటి గుంటూరు జిల్లా విప్పర్ల. తెలుగువాళ్ళు దుర్యోధనుణ్ణి ప్రేమించడం వెనక మా మిరప నేల ఘాటు కొంచెం ఉందని నేనంటే మీరు కాదనలేరు.

ఆ సినిమా గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. జనవరి 14న అదే రోజు పోటీగా కృష్ణ 'కురుక్షేత్రం' విడుదలైంది. అందులో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. తారాబలం చూస్తే అదే పెద్దది. కానీ జనం నోట నిలిచింది 'దానవీరశూర కర్ణ'. సినిమా దాదాపు నాలుగు గంటలు. దాని డైలాగుల క్యాసెట్లు పెళ్ళిళ్ళలోనూ తిరునాళ్ళలోనూ మైకులో వేసేవాళ్ళు. పాటలు కాదండీ, డైలాగులు! మా నాన్నకి ఇప్పటికీ అస్త్రవిద్యా ప్రదర్శన సీను మొత్తం నోటికొచ్చు, ఇంటి లోను కంతు తేదీ మాత్రం గుర్తుండదు.

ఇంతకీ ఆ సినిమా చేసిన పనేంటి? నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

ఒకటి, లెక్క చూపించే వరస మార్చింది. మనం దుర్యోధనుణ్ణి మొదట గట్టిగా గుర్తుపట్టేది ఎక్కడ? నిండు సభలో ఒక కుర్రాణ్ణి నీ కులమేంటి అని అడిగి తల దించుకునేలా చేసినప్పుడు, లేచి నిలబడి వాడికి రాజ్యం ఇచ్చిన చోట. చెడు తర్వాత వస్తుంది. ముందు జమ, తర్వాత ఖర్చు. జమ కళ్ళారా చూసినవాడికి ఖర్చు ఎంత పెద్దదైనా 'ఏదో కారణం ఉండుంటుందిలే' అనిపిస్తుంది. పైగా ఆ అవమానం మనందరికీ తెలిసిందే. నీదే ఊరు, మీ నాన్న ఏం చేస్తాడు, ఏ మీడియంలో చదివావు - ఇంటర్వ్యూ గదిలో ఎవరో ఒకరు అడక్కుండా ఉద్యోగం వచ్చిన వాళ్ళు మనలో ఎంతమంది? ఆ క్షణంలో మన తరఫున లేచి నిలబడేవాడు ఒకడుంటే చాలు, వాడు మంచోడా చెడ్డోడా అని ఎవరు ఆలోచిస్తారు?

రెండు, దుర్యోధనుడికి ఒక డ్యూయెట్టు పెట్టింది. నవ్వకండి. సినారె పాట, పెండ్యాల సంగీతం, పక్కన భానుమతిగా ప్రభ. భార్యతో అంత ముచ్చటగా పాడుకునే మనిషిని అసహ్యించుకోవడం చాలా కష్టం. తమిళంలో 1964లో వచ్చిన 'కర్ణన్'లోనూ ఈ కిటుకే ఉంది. ఆ భానుమతి మా చిర్రావూరు ఆడపడుచు సావిత్రి గారు. కర్ణుడూ ఆమే పాచికలాడుతుంటే ఆమె ముత్యాలు తెగి రాలడం, దుర్యోధనుడు చూసి కూడా అనుమానపడక ఏరిపెట్టనా అనడం - ఆ కథ వ్యాసుడిది కాదు, తమిళుల దగ్గర పుట్టింది. భారతంలో లేని సీను కల్పించి మరీ జనం ఆ స్నేహానికి బలం పోశారంటే, వాళ్ళకి అది ఎంత కావాలో చూడండి.

మూడోది నాకు ఈ మధ్యే తట్టింది. ఆ సినిమాలో కర్ణుడూ ఎన్టీఆరే, దుర్యోధనుడూ ఎన్టీఆరే, కృష్ణుడూ ఎన్టీఆరే. అంటే దుర్యోధనుడు కర్ణుడికి కిరీటం పెట్టేటప్పుడు ఒకే మొహం తన తలకి తనే పెట్టుకుంటోంది. సినిమావాళ్ళు అలా అనుకుని చేశారని కాదు. కానీ చూసేవాడికి లోపల ఎక్కడో అదే అందుతుందేమో. చెడ్డ స్నేహితుణ్ణి మనం ఎందుకు వదల్లేం అంటే, వాడి మొహంలో మన మొహం ఉంటుంది కాబట్టి.

ఇదంతా ఒకప్పుడు నాకు టీ టైం కబుర్ల సరుకు. 2025లో అది మా ఇంటి గొడవైంది. అసలు ఈ రాత మొదలుపెట్టింది అది చెప్పడానికే.

నాకొక స్నేహితుడున్నాడు. పేరు రాయను. వాడి పేరు ఇప్పటికే చాలామంది చాలా రకాలుగా తలుచుకుంటున్నారు. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. పదో తరగతి తర్వాత నేను గుంటూరులో ఇంటర్‌లో చేరాను, వాడు చేరినట్టే చేరి మానేసి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా కుదిరాడు. దడవాయి పక్కన నిలబడి టిక్కీల లెక్క రాసుకునే ఉద్యోగం. సాయంత్రానికి కళ్ళు ఎర్రగా, ముక్కు ఎర్రగా. పక్కన కూర్చుంటే మనకే తుమ్ములు.

2017లో నేను బీటెక్ మూడో సంవత్సరం. ఆ ఏడు మిర్చి కూలిపోయింది. ముందటేడు పదివేలు దాటి పలికిన కాయ మూడు నాలుగు వేలకి దిగింది. కేంద్రం క్వింటాలు 5,000కి కొంటామని మార్కెట్ జోక్యం పథకం పెట్టింది, రాష్ట్రం క్వింటాలుకి 1,500 సాయం అంది. మా నాన్న కాయ అమ్మితే కోతకూలీలకే చాల్లేదు. నాకు కాలేజీలో 42 వేలు ఫీజు బాకీ. కడితేనే హాల్‌టికెట్టు అన్నారు. నాన్న రెండు రోజులు ఫోను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు కాబట్టి నేనూ మళ్ళీ చెయ్యలేదు.

మూడో రోజు పొద్దున్నే వీడు హాస్టలు గేటు దగ్గరున్నాడు. చొక్కా లోపల్నుంచి పేపర్లో చుట్టిన కట్ట తీసిచ్చాడు. నోట్లు మిరపకాయ వాసన. "కట్టెయ్యి. ఎవరికీ చెప్పమాక" అన్నాడు. ఎక్కడిదిరా అంటే, "నీకెందుకు, పరీక్ష రాయి పో" అని తిట్టి వెళ్ళిపోయాడు.

నేను పరీక్ష రాశాను. నాలుగో సంవత్సరంలో క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. హైదరాబాదు వచ్చాను. మొదటి జీతంలోంచి వాడి డబ్బు తిరిగిచ్చాను, వాడు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. అంగరాజ్యం అంటే నాకు ఆ 42 వేలు. మీకు అది చిన్న మొత్తం అనిపిస్తే, మీ నాన్న రెండు రోజులు ఫోను ఎత్తని రోజు మీ జీవితంలో లేదన్నమాట. సంతోషం.

వాడూ ఎదిగాడు. గుమాస్తా నుంచి సొంత వ్యాపారం. 2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటింది, చేతిలో డబ్బాడింది, బుల్లెట్టు బండి కొన్నాడు. 2024 కోతలప్పుడు మా ఊళ్ళోనూ పక్క ఊళ్ళలోనూ కళ్ళాల దగ్గరే కాటా వేసి కొన్నాడు. యార్డుకి తోలే కిరాయి లేదు, ధర బాగుంది, మనూరి కుర్రాడు. కొంచెం ముందిచ్చి, మిగతాది దసరాకి అన్నాడు. కాగితం లేదు, మాటే. మా పెద్దమామయ్య 36 క్వింటాళ్ళు పోశాడు. క్వింటాలు 17 వేలకి మాట. మొత్తం 6 లక్షల 12 వేలు, 2 లక్షలు ముందిచ్చాడు, 4 లక్షల 12 వేలు బాకీ.

కొన్న సరుకంతా ఏసీలో పెట్టాడు. (మా వైపు ఏసీ అంటే కోల్డ్ స్టోరేజి. చల్లగా ఉండేది మిరపకాయలకే, మాకు కాదు.) ధర పెరుగుతుందని ఆగాడు, ఆ సరుకు మీద అప్పు తెచ్చాడు. ధర పెరగలేదు. దిగుతూ పోయింది. 2025 ఫిబ్రవరికి కేంద్రం మళ్ళీ క్వింటాలుకి 11,781 ధర కట్టి జోక్యం పథకం ప్రకటించాల్సిన పరిస్థితి. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, వీడి ఫోను స్విచ్చాఫ్. ముప్ఫైమందికి పైగా రైతులు వాడి ఇంటి ముందు కూర్చున్నారు. వాళ్ళ నాన్న తల గోడకానించుకుని కూర్చున్నాడట, ఎవరేమన్నా మాట్లాడలేదట.

ఒక శుక్రవారం రాత్రి పదకొండింటికి మియాపూర్‌లో నా ఫ్లాటు తలుపు కొట్టారు. వాడే. గడ్డం, చేతిలో క్యారీబ్యాగు. "రెండ్రోజులుంటాన్రా" అన్నాడు. నేను అన్నం పెట్టాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తిన్నాక, "లాయరు ఐపీ పెట్టమంటున్నాడు" అన్నాడు.

మనకి ఐపీ అంటే నాలుగు అంకెల అడ్రసు. మా గుంటూరులో ఐపీ అంటే వేరు, ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద, నా దగ్గరేమీ లేదు, అప్పులు తీర్చలేనని కోర్టుకి చెప్పుకోవడం. నిజంగా చితికినవాడికి చట్టం ఇచ్చిన నీడ అది. కానీ మా వైపు రైతుకి 'ఐపీ పెట్టాడు' అనే మాట 'పోయాడు' అనే మాట లాంటిది. తలుపు మూసుకున్నట్టే. కాగితం లేని మామయ్య లాంటి వాళ్ళకి ఆ తలుపు మీద కొట్టడానికి చెయ్యి కూడా ఉండదు.

వాడు పడుకున్న పావుగంటకి మామయ్య ఫోన్ చేశాడు.

"ఒరే అబ్బాయ్, పడుకున్నావా? వాడి జాడేమన్నా తెలిసిందంటరా?"

హాల్లో వాడు నిద్రపోలేదని నాకు తెలుసు. ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

"లేదు మామయ్యా, నాకూ తెలీదు మామయ్యా" అన్నాను.

"సరేలే, పడుకో" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఎవరి పాత్ర ఇది? సినిమా చూసేటప్పుడు కర్ణుడంటే ప్రాణమిచ్చేవాణ్ణి. కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే అన్నా కదలనివాడు. ఆ రాత్రి నేను కర్ణుణ్ణే. కానీ ఏమీ గొప్పగా అనిపించలేదు. కడుపులో తిప్పింది. బాత్‌రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

తర్వాత ఎందుకో వ్యాస భారతంలో కర్ణుణ్ణి వెతుక్కుని చదివాను. ద్యూత సభలో ద్రౌపదిని నోటికొచ్చినట్టు మాట్లాడి, ఆమె వస్త్రాలు తియ్యమని చెప్పినవాడు కర్ణుడే. మనలాంటి కర్ణుడి అభిమానులు చాలామంది దీన్ని తలుచుకోరు. తర్వాత ఉద్యోగ పర్వంలో కృష్ణుడి దగ్గర అతనే ఒప్పుకుంటాడు, దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవుల్ని పరుషంగా మాట్లాడాను, దానికి బాధగా ఉంది అని. ఒప్పుకుంటాడు గానీ ఆ మాట వెళ్ళి దుర్యోధనుడికి చెప్పడు. ఉప్పు తిన్న ఋణం ప్రాణమిచ్చి తీర్చాడు గానీ, ఆపి ఒక్క మాట 'ఇది తప్పు' అని చెప్పి తీర్చలేకపోయాడు. రెండోదే కష్టమేమో.

మర్నాడు పొద్దున టీ తాగుతూ అడిగాను. "2017లో నాకు తెచ్చిన 42 వేలు ఎక్కడివిరా?"

వాడు నవ్వాడు. "ఇప్పుడెందుకు?"

"చెప్పు."

"వినుకొండ వైపు రైతు ఒకాయనది. పట్టీ డబ్బు. సేఠ్ ఊళ్ళో లేడు, నా చేతికిచ్చి పంపమన్నాడు. ఇరవై రోజులు తిప్పి, వేరేచోట సర్ది ఇచ్చేశాను. ఆయనేం పోగొట్టుకోలేదులే."

ఆయనేం పోగొట్టుకోలేదు. 2017 మే నెల. కాయ మూడు వేలకి అమ్మినాయన. ఆ ఇరవై రోజులూ ఆయన ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు, వీడికీ తెలీదు. పేరు కూడా గుర్తులేదు. ఆయనకీ ఎక్కడో హాస్టల్లో ఒక కొడుకున్నాడేమో, ఆయన కూడా రెండు రోజులు ఫోను ఎత్తలేదేమో.

కథల సంగతి నాకప్పుడు కొంచెం అర్థమైంది. తప్పులున్న మనిషిని మనం ప్రేమించేది తప్పు కోసం కాదు. వాడు ఒకడికి చేసిన మేలు మన కళ్ళ ముందు జరుగుతుంది, ఆ మేలుకి డబ్బు కట్టినవాడు స్టేజి మీదికి రాడు. వినుకొండ రైతు నా కథలో లేడు. వచ్చుంటే వీడు నా దుర్యోధనుడు అయ్యేవాడు కాదు, ఉత్త దొంగ అయ్యేవాడు. మా లంచ్ టేబుల్ పెద్దాయన చెప్పినదాంట్లో ఆ మేరకు నిజముందని ఒప్పుకుంటాను.

అలాగని వాణ్ణి గెంటెయ్యలేదు. గెంటే హక్కు నాకు లేదు, ఆ డబ్బుతో కట్టిన ఫీజు మీదే నా ఉద్యోగం నిలబడి ఉంది. కానీ మొదటిసారి నోరు విప్పాను. "ఐపీ పెట్టమాక. వెళ్ళి వాళ్ళ ముందు కూర్చో" అన్నాను. వాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని చెప్తావురా నీకేం" అన్నాడు. (ఈసారి మామూలు ఏసీ.) క్యారీబ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు. టీ గ్లాసు సగం అలాగే ఉంది.

వారం తర్వాత ఊరెళ్ళాను. మామయ్య కొట్టంలో గేదెకి గడ్డి వేస్తున్నాడు. చెప్పేశాను. ఆ రాత్రి వాడు నా దగ్గరే ఉన్నాడని, అబద్ధం ఆడానని.

"తెలుసులేరా" అన్నాడు తల తిప్పకుండా. "అబద్ధమాడేప్పుడు నువ్వు మామయ్యా అని రెండుసార్లంటావు. చిన్నప్పట్నుంచీ అంతే."

"మరి అడగలేదే?"

"అడిగితే నువ్వు చెప్పాల్సొస్తది గదా. వాడు నీకు ఫీజు కట్టాడని మీ అమ్మ నాకు అప్పుడే చెప్పింది."

కాసేపు ఇద్దరం గేదె నమలడం చూస్తూ నిలబడ్డాం. ఆ చప్పుడు తప్ప ఏం లేదు. నాకు ఉండబట్టలేదు. "నీకు దుర్యోధనుడంటే ఇష్టం గదా మామయ్యా. వంద రూపాయలు చదివించేవాడివి. వీణ్ణి క్షమించలేవా?" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. నాలుగు లక్షలు పోగొట్టుకున్న మనిషిని అడగాల్సిన మాట కాదు.

మామయ్యకి కోపం రాలేదు. చేతులు దులుపుకుని నులకమంచం మీద కూర్చున్నాడు.

"నాటకం చివరిదాకా ఎప్పుడన్నా చూశావంట్రా? నువ్వు రాయబారం అవంగానే నా ఒళ్ళో నిద్రపోయేవాడివి. అంతా పోయింది. కర్ణుడు పోయాడు, తమ్ముళ్ళందరూ పోయారు. పోయి మడుగులో దాక్కున్నాడు. ఒడ్డు మీదికొచ్చి ధర్మరాజు పిలిచాడు. అప్పుడేం చేశాడు?"

"బయటికొచ్చాడు."

"వచ్చాడు గదా. చస్తానని తెలిసే వచ్చాడు. నేను వంద రూపాయలు చదివించింది ఆ రావడానికిరా. పాచికలాడినందుకు కాదు. వీణ్ణి రమ్మను. డబ్బు తెస్తే తెస్తాడు, లేకపోతే లేదు. ముందు మడుగులోంచి రమ్మను."

నాలుగు గంటల సినిమా అన్నిసార్లు చూసి, ఒకే మొహం, జమాఖర్చు అని అంత విశ్లేషించినవాణ్ణి నేను. ఆ ముక్క నాకు తట్టలేదు.

ఊరుకి అటు కారంపూడిలో ఏటా కార్తీకం చివర వీరుల పండగ జరుగుతుంది. పల్నాటి కథలోనూ ఇలాంటి స్నేహం ఒకటుంది. యుద్ధానికి పోతూ బాలచంద్రుడు తన స్నేహితుడు అనపోతును బతికించాలని ఏదో మర్చిపోయానని నెపం పెట్టి వెనక్కి పంపిస్తాడు. అనపోతుకి మోసం అర్థమవుతుంది, ప్రాణం తీసుకుంటాడు. ప్రేమతో ఆడిన అబద్ధం కూడా అబద్ధమే అని మా నేల మీద జనానికి ఎప్పట్నుంచో తెలుసు. తెలిసే ఆ స్నేహాన్ని కొలుస్తారు. తప్పు లేనట్టు నటించరు. కథలో ఉంచి, పక్కనే ఏడుస్తారు. మనం కథల్లో తప్పులున్న మనుషుల్ని వెతుక్కునేది వాళ్ళని వెనకేసుకురావడానికే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఇప్పుడు అనిపిస్తోంది, తప్పు చేసినవాణ్ణి ప్రేమిస్తూనే తప్పు అని ఎలా అనాలో నేర్చుకోవడానికేమో అని. నిజం జీవితంలో రెండూ ఒకేసారి చెయ్యడం మనకి రాదు. అయితే వెనకేసుకొస్తాం, లేదంటే నంబరు బ్లాక్ చేస్తాం.

మామయ్య మాట వాడికి మెసేజి పెట్టాను, ఉన్నదున్నట్టు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. పదిహేను రోజులు లేదు.

జూన్‌లో ఒక ఆదివారం వాడు ఊరొచ్చాడు. ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రామాలయం అరుగు మీద కూర్చున్నాడు. ముప్ఫైమందీ వచ్చారు. తిట్టారు, ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. వాడు లేవలేదు. నేను వెనక నిలబడ్డాను. వాళ్ళ నాన్న ఎకరం అమ్మారు, బుల్లెట్టు అమ్మారు, ఏసీలో మిగిలిన సరుకు అమ్మారు. అప్పు పోగా రూపాయికి నలభై పైసల లెక్కన అందరికీ పంచారు. మిగతాది రెండేళ్ళలో వాయిదాల మీద అని కాగితం రాసుకున్నారు. నేను ఆ రోజు 42 వేలు ఆ కుప్పలో వేశాను. వినుకొండ రైతుకి చేరదని తెలుసు. కానీ జేబులో ఉంచుకోబుద్ధి కాలేదు.

అందరూ లేచాక మామయ్య వాడి దగ్గరికెళ్ళాడు. క్షమిస్తాడేమో, భుజం తడతాడేమో అనుకున్నాను. సినిమా చూసే అలవాటు గదా. "అన్నం తిన్నావంటరా?" అని మాత్రం అడిగాడు. తినలేదంటే, "మీ ఇంటికి పోయి తిను" అని చెప్పి పొలం వైపు వెళ్ళిపోయాడు.

మొదటి వాయిదా సొమ్ము అందింది. రెండోది ఇంకా రావాలి. వాడు మళ్ళీ యార్డులో గుమాస్తాగా చేరాడు. నాతో మాట్లాడుతున్నాడు గానీ మునుపట్లా కాదు. నేను వాడి వైపు నిలబడలేదని వాడికి ఉంది. వాడి వైపే నిలబడ్డానని మా ఊళ్ళో కొందరికుంది. రెండూ నిజమే కావచ్చు.

మళ్ళీ ఎప్పుడైనా ఊళ్ళో నాటకం వేయిస్తే ఈసారి నిద్రపోకుండా మడుగు సీను దాకా కూర్చోవాలనుంది. మామయ్య చదివిస్తాడో లేదో చూడాలి.